ఇద్దరికి మూడు టికెట్లు

ఈ సంక్రాంతికి మూడు రోజుల ముందు కోదాడలో అమ్మా, అక్కా, నేనూ ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. అక్కను ఇచ్చింది కోదాడ. అమ్మ ఉండేది జగ్గయ్యపేట పక్కన మా ఊళ్ళోనే. రెంటికీ మధ్య పాతిక కిలోమీటర్ల లోపే. నేను వనస్థలిపురంలో పొద్దున్నే బయల్దేరి, అక్కావాళ్ళింట్లో టిఫిన్ తిని, నాలుగు రోజుల ముందే కూతుర్ని చూడ్డానికొచ్చిన అమ్మను, పండక్కి పుట్టింటికొస్తున్న అక్కను వెంటబెట్టుకున్నాను.

కండక్టర్ వచ్చాడు. అక్క ఆధార్ చూపించింది. అది తెలంగాణ ఆధార్. ఆయన మిషన్ నొక్కి సరిహద్దు దాకా జీరో టికెట్ ఇచ్చాడు. అక్కణ్ణుంచి జగ్గయ్యపేటకు ఇంకో టికెట్ కొట్టి డబ్బులడిగాడు. అమ్మ కూడా దర్జాగా తన ఆంధ్ర ఆధార్ తీసింది.

"ఇది చెల్లదమ్మా. మొత్తం టికెట్ తీసుకోవాలి."

"మా దాంట్లో గూడా ఫ్రీయే గదయ్యా, ఆగస్టు నుంచి?"

"మీ దాంట్లో ఫ్రీనే. స్టేటు దాటే బండికి లేదు."

"ఒక్క బస్సే గదా?"

"బస్సు ఒకటేనమ్మా. గవర్నమెంట్లు రెండు."

పక్క సీటాయన పకపకా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. మూడు టికెట్లూ నా చేతిలో పెట్టి, "లెక్కల మనిషివి గదా, దాచుకో" అంది. ఆడిటర్ దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసినవాణ్ణి. నిజంగానే దాచుకున్నాను.

కండక్టర్ తప్పేమీ లేదు. తెలంగాణ 2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలుపెట్టినప్పుడే, అంతర్రాష్ట్ర పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం తమ సరిహద్దు వరకేనని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న అలాంటిదే స్త్రీశక్తి పథకం తెచ్చి, రాష్ట్రం దాటే సర్వీసులను అందులోంచి మినహాయించింది. ఎవరి ఖజానా వాళ్ళది, ఎవరి ఓటర్లు వాళ్ళకు. విడివిడిగా చూస్తే రెండు నిర్ణయాలూ సబబుగానే ఉంటాయి. రెంటినీ కలిపి చూసే మనిషి బస్సులో కూర్చున్న మా అమ్మ ఒక్కతే. ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు.

నేను చెప్పదలచుకున్నది కూడా అదే. రెండు రాష్ట్రాల మీదుగా పోయే దారికి డబ్బు కట్టేది ప్రయాణికులు. టికెట్ రూపంలో కడతాం. ఆ టికెట్‌లోనే టోల్ వాటా కూడా కలిపి ఉంటుంది. సొంత కారుంటే ఫాస్టాగ్‌లోంచి పోతుంది. లీటరు పెట్రోలు, డీజిలు కొన్న ప్రతిసారీ రోడ్ల సెస్సు కట్టి, దాని మీద రాష్ట్రానికి వ్యాట్ కూడా కడతాం. జీరో టికెట్ కూడా ఊరికే రాదు, దాని ఖర్చు ప్రభుత్వం ఆర్టీసీకి మన పన్నుల్లోంచే కడుతుంది. ఇన్ని వైపుల నుంచి ఇచ్చేవాళ్ళం, ఎన్ని బస్సులు నడవాలి, ఏ దారికి ఎంత పెట్టాలి అన్న మాట వచ్చినప్పుడు నోరు విప్పడానికి ఒక చోటంటూ లేదు.

హైదరాబాద్‌లో కూర్చుని సరిహద్దు గొడవ నీకెందుకని మా కాలనీ మిత్రుడొకరు అడిగారు. ఆయనది కర్నూలు. పండక్కి రెండు నెలల ముందే రైలు టికెట్ బుక్ చేసే మనిషి ఆయన. సంక్రాంతి ముందు రోజు సాయంత్రం ఎల్బీ నగర్‌లో ఒక గంట నిలబడితే ఈ గొడవ ఎవరిదో తెలుస్తుంది. పిల్లల్ని చంకనేసుకుని, సంచులు నేల మీద పెట్టుకుని, బస్సు బోర్డు కనబడితే పరిగెత్తేవాళ్ళంతా హైదరాబాద్ వాళ్ళే. ఇక్కడ అద్దెలు కట్టేవాళ్ళే, ఇక్కడ కరెంటు బిల్లు కట్టేవాళ్ళే. 2014 జూన్ 2న మొదలైన ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది. అమ్మ కంటి డాక్టరు, తమ్ముడి కొడుకు కోచింగ్, మేనకోడలి ఉద్యోగం మాత్రం ఏ గడువుతోనూ తీరలేదు. విభజన చట్టం రాసినవాళ్ళకూ ఈ సంగతి తెలుసు. ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధాని నుంచి హైదరాబాద్‌కు, తెలంగాణలోని ఇతర ముఖ్య నగరాలకు వేగంగా వెళ్ళే రైలు, రోడ్డు మార్గాలకు కేంద్రం చర్యలు తీసుకోవాలని పదమూడో షెడ్యూల్‌లో రాశారు.

2020 దసరా సంగతి చెప్తాను. ఈ విషయం మీద నాకు పట్టుదల మొదలైంది అప్పుడే.

ఆ ఏడాది మార్చిలో లాక్‌డౌన్‌తో బస్సులు ఆగిపోయాయి. తర్వాత ఎక్కడికక్కడ సడలించారు, బస్సులు తిరగడం మొదలుపెట్టాయి. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య మాత్రం తిరగలేదు. ఈసారి అడ్డుపడింది కరోనా కాదు, కిలోమీటర్లు. అంతకు ముందు ఏపీఎస్ఆర్టీసీ 1,009 బస్సులతో తెలంగాణలో రోజుకు 2,65,367 కిలోమీటర్లు తిప్పేది. టీఎస్ఆర్టీసీ 746 బస్సులతో ఆంధ్రలో 1,52,344 కిలోమీటర్లు తిప్పేది. మా నేల మీద మీరెన్ని కిలోమీటర్లు తిరుగుతారో, మీ నేల మీద మేమూ అన్నే తిరగాలి అని తెలంగాణ. అయితే మీరు పెంచుకోండి, మమ్మల్ని తగ్గించుకోమనడమెందుకు అని ఆంధ్ర. రెండు వాదనల్లోనూ న్యాయముంది. కిలోమీటరంటే ఆదాయం, ఆదాయమంటే డ్రైవర్ల జీతం. నెలల తరబడి చర్చలు సాగాయి. అక్టోబర్ 25న దసరా వచ్చింది, పోయింది. పండక్కి ఇటు బస్సులు ఇటు సరిహద్దు దాకా, అటువి అటు సరిహద్దు దాకా.

ఆ రోజుల్లోనే అమ్మకు ఇక్కడ కంటి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. మామూలుగా అయితే ఆమెకు పొద్దున ఏడింటికి ఒక బస్సుండేది. ఎక్కితే నేరుగా ఎల్బీ నగర్‌లో దిగేది, మధ్యాహ్నం భోజనానికి మా ఇంట్లో ఉండేది. ఆ బస్సు లేదు. ట్రావెల్స్ వాళ్ళను అడిగితే మామూలు రేటుకు మూడింతలు చెప్పారు. సరే, సరిహద్దు దాకా వస్తే అక్కణ్ణుంచి నేను తీసుకొస్తానన్నాను. పక్కింటి కుర్రాడు బండి మీద గరికపాడు చెక్‌పోస్టు దగ్గర దింపాడు. నేను ఇవతల రామాపురం క్రాస్‌రోడ్డు వైపు నిలబడ్డాను. మధ్యలో పాలేరు వంతెన. ఆటోవాడు వంద అడిగాడట. "ఈ కాస్త దూరానికి వందా?" అని అమ్మ దిగి నడిచింది. ఒక చేతిలో పచ్చడి సీసా ఉన్న సంచీ, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని, మోకాళ్ళ నొప్పితో ఒరుగుతూ నడిచొస్తున్న అమ్మ వెనకా ముందూ ఇంకా బోలెడు మంది. పసిపిల్లను ఎత్తుకున్న ఒకామె. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకున్న ఒక ముసలాయన. పాకిస్తాన్ సరిహద్దేమో అన్నట్టుంది. అటు ఆ గట్టున, ఇటు ఈ గట్టున ఖాళీ బస్సులు ఆగి ఉన్నాయి.

నవంబర్ 2న హైదరాబాద్‌లో ఒప్పందం కుదిరింది. తెలంగాణ బస్సులు 826, ఆంధ్రలో 1,61,258 కిలోమీటర్లు. ఆంధ్ర బస్సులు 638, తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు. పేపర్లన్నీ సుఖాంతమని రాశాయి. నేను కాగితం తీసుకుని కూడికలు, తీసివేతలు వేశాను. ఒకరు రోజుకు 1,04,368 కిలోమీటర్లు తగ్గించుకున్నారు. ఇంకొకరు 8,914 పెంచుకున్నారు. మొత్తం మీద రెండు రాష్ట్రాల మధ్య రోజుకు 95 వేల కిలోమీటర్ల పైచిలుకు బస్సు ప్రయాణం మాయమైపోయింది. బస్సుల లెక్కలో 291 తక్కువ. ఇద్దరికీ సమానమైంది, ఎక్కేవాళ్ళకు తగ్గింది. అమ్మ ఏడింటి బస్సు మళ్ళీ రాలేదు.

ఇక్కడొక మాట. సమానత్వం అడగడం తప్పని నేననను. బస్సులు ఖాళీగా తిరుగుతుంటే తగ్గించడమూ తప్పు కాదు. నిజంగా ఖాళీగా తిరుగుతున్నాయా, ఏ దారిలో ఖాళీ, ఏ దారిలో మనుషులు నిలబడి పోతున్నారు అన్నది ఎక్కేవాళ్ళను అడిగి తెలుసుకోవాలి కదా అన్నదే నా ప్రశ్న.

అడగాలని చట్టంలోనే ఉంది. ఇది తెలిసినప్పుడు నేను కాసేపు నమ్మలేదు. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 88. రెండు రాష్ట్రాలు ఏ రూట్లో ఎన్ని పర్మిట్లని ఒప్పందం చేసుకోబోతే, ఆ ప్రతిపాదనను ముందుగా రెండు ప్రభుత్వాలూ గెజిట్‌లో వేయాలి. ఆ దారి పోయే ప్రాంతంలో చదివే ప్రాంతీయ భాషా పత్రికలోనూ వేయాలి. ఎప్పటిలోగా అభ్యంతరాలు చెప్పుకోవచ్చో, వాటిని ఏ అధికారి, ఏ రోజున, ఎక్కడ వింటారో అందులో రాయాలి. ఆ తేదీ గెజిట్ వచ్చాక ముప్పై రోజులకు తక్కువ కాకూడదు. తెలుగు పేపర్లో, ముప్పై రోజుల గడువుతో, ఫలానా చోటికి వచ్చి మాట్లాడండి అని! ఇంతకంటే ఏం కావాలి? రోజూ పేపరు మొదటి పేజీ నుంచి టెండర్ నోటీసుల దాకా చదివే అలవాటు నాది. అలాంటి ప్రకటన ఒక్కటీ చూసిన గుర్తు లేదు. చూసినా, ఆ భాష నాకు అర్థమయ్యేలా ఉండేదని నమ్మకం లేదు. ఆ నోటీసులు పట్టుకుని లాయరుతో వెళ్ళగలిగేది పర్మిట్లున్న ఆపరేటర్లే. ప్రయాణికుడికి గెజిట్ ఏ రంగులో ఉంటుందో కూడా తెలియదు.

డబ్బు పెట్టినవాడి మాట వినే ఏర్పాటు ఈ రోడ్డు మీద అసలే లేదా అంటే, ఉంది. హైదరాబాద్–విజయవాడ రోడ్డును నాలుగు వరసలు చేసింది జీఎంఆర్ కంపెనీ. ఇప్పుడది 65వ నంబర్ జాతీయ రహదారి, మనకింకా నోట్లో పాత తొమ్మిదే మెదులుతుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర 2012 డిసెంబర్ నుంచి వసూళ్ళు మొదలయ్యాయి. తర్వాత రాష్ట్రం విడిపోయింది, ఇసుక విధానాలు మారాయి, లారీలు తగ్గాయి, నష్టపోయాం అని కంపెనీ మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. విభజనను 'చట్టంలో మార్పు' కింద లెక్కించాలన్న వాదనను ట్రిబ్యునల్ ఒప్పుకుంది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా నడిచింది. చివరికి కంపెనీ తప్పుకుంది, 2024 జూలై 1 నుంచి టోల్ వసూలు జాతీయ రహదారుల సంస్థ చేతికి వెళ్ళింది. కంపెనీ తన ఒప్పందం ప్రకారం అడిగింది, నేను తప్పు పట్టను. కానీ ఆలోచించండి. విభజన వల్ల నష్టపోయానని చెప్పుకోవడానికి కంపెనీకి ఒక గది, ఒక బల్ల, వినడానికి ముగ్గురు పెద్దమనుషులు దొరికారు. అదే విభజన వల్ల అదే రోడ్డు మీద ఏడింటి బస్సు పోగొట్టుకున్న మా అమ్మకు పాలేరు వంతెన దొరికింది.

బహిరంగ విచారణ అనగానే మనవాళ్ళు పెదవి విరుస్తారు. కానీ మన దగ్గరే, పాతికేళ్ళుగా, కరెంటు ఛార్జీలకు అది జరుగుతోంది. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, ఏటా తమ ఆదాయమెంత, ఖర్చెంత, ఎంత పెంచాలనుకుంటున్నాయో విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టాలి. ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు, వచ్చి మాట్లాడవచ్చు. కొన్నేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంట్ తరఫున ఒకసారి వెళ్ళాను. లిఫ్టుకూ, నీళ్ళ మోటారుకూ ఏ కేటగిరీ వర్తిస్తుందన్న మా గోల ఎంత చిన్నదో అక్కడ కూర్చున్నాక తెలిసింది. పంచె కట్టుకున్న ఒక రైతు లేచి, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి ఎన్ని రోజులు పట్టిందో, మోయడానికి ట్రాక్టర్ కిరాయి ఎవరు పెట్టుకున్నారో, తేదీలతో సహా చెప్పాడు. సూటు వేసుకున్న ఫ్యాక్టరీ సంఘం ప్రతినిధికి ఇచ్చిన మైకే ఆయనకూ ఇచ్చారు. అధికారులు తల వంచుకుని రాసుకున్నారు. తర్వాత వచ్చే టారిఫ్ ఆర్డర్‌లో ఎవరు ఏమడిగారు, డిస్కం ఏం జవాబిచ్చింది, మండలి ఏమంది అని వరసగా అచ్చవుతుంది. నా లిఫ్టు గోల కూడా అందులో ఉంది. ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. కానీ ఎందుకు ఒప్పుకోలేదో రాశారు.

దీన్ని నేను మంత్రదండం అనడం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2000లో ఆ మండలి మొదటిసారి ఛార్జీల ఉత్తర్వు ఇచ్చిన ఏడాదే కరెంటు ఉద్యమం రేగింది. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. విచారణ గది ఉన్నంత మాత్రాన వీధి ఖాళీ కాదు. అయినా ఆ గది ఉండటం వల్ల, ఏటా లెక్కలు బయటికి వస్తున్నాయి. ఎవరి సబ్సిడీ ఎంతో అచ్చులో ఉంటోంది. బస్సు ఛార్జీలో డీజిలు సెస్సు ఎంత, టోల్ ఎంత, భద్రత సెస్సు ఎంత, జీరో టికెట్‌కు ప్రభుత్వం కిలోమీటరుకు ఎంత కడుతుంది అని ఏ గదిలో అడగాలి?

మా బాబాయి కొడుకు అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలో ఓవర్లాండ్ పార్క్ అనే ఊళ్ళో ఉంటాడు. మూడు టికెట్ల కథ చెప్తే వాడు నవ్వాడు. "అన్నయ్యా, ఇక్కడ రోడ్డు పేరే స్టేట్ లైన్ రోడ్. ఇటు ఫుట్‌పాత్ కాన్సస్, అటు ఫుట్‌పాత్ మిస్సోరి." కాన్సస్ సిటీ మహానగరం రెండు రాష్ట్రాల్లోనూ పరుచుకుని ఉంది. వాళ్ళ దగ్గర యాభై వేల జనాభా దాటిన ప్రతి పట్టణ ప్రాంతానికీ రవాణా ప్రణాళిక సంస్థ ఒకటి ఉండాలని కేంద్ర చట్టం. ఈ ఊరికి అది మిడ్-అమెరికా రీజినల్ కౌన్సిల్. సరిహద్దుకు రెండు పక్కలా ఉన్న కౌంటీల, నగరాల ప్రతినిధులు అందులో కూర్చుంటారు. కేంద్రం నుంచి వచ్చే రోడ్ల డబ్బు, బస్సుల డబ్బు రాబోయే నాలుగైదేళ్ళలో ఏ పనికి ఎంతో జాబితా వేసి, జనం ముందు పెట్టి, అభిప్రాయాలు తీసుకున్నాకే ఖాయం చేయాలి. మా వాడికి ఈ గొడవ ఏదీ తెలియదు. వాడు కారు మనిషి. నేనే చదివి వాడికి చెప్పాను.

నాకు ఇంకా నచ్చింది అక్కడి రైల్వే స్టేషన్ కథ. 1914లో కట్టిన యూనియన్ స్టేషన్, రైళ్ళు తగ్గిపోయి, పాడుబడి కూలిపోయే స్థితికి వచ్చింది. స్టేషన్ ఉన్నది మిస్సోరిలో. బాగు చేయడానికి డాలరుకు సెంటులో ఎనిమిదో వంతు అమ్మకం పన్ను వేద్దామా అని 1996 నవంబర్‌లో రెండు రాష్ట్రాల కౌంటీలలోనూ ఓటు పెట్టారు. మిస్సోరిలో జాక్సన్, క్లే, ప్లాట్ కౌంటీలు సరేనన్నాయి. సరిహద్దు ఇవతల, మా వాడుండే జాన్సన్ కౌంటీ కూడా సరేనంది. అంటే కాన్సస్ వాళ్ళు పక్క రాష్ట్రంలోని స్టేషన్ కోసం తమ మీద తామే పన్ను వేసుకున్నారు! 1999లో స్టేషన్ మళ్ళీ తెరిచారు. అదే జనాన్ని 2004లో స్టేడియాల కోసం, కళల కోసం రెండోసారి అడిగితే, ఒక్క జాక్సన్ తప్ప మిగతావాళ్ళు కుదరదన్నారు. అడిగితే జనం ప్రతిదానికీ వద్దంటారని భయపడేవాళ్ళకు మొదటి ఓటు జవాబు. అడిగితే నెత్తినెక్కి కూర్చుంటారనేవాళ్ళకు రెండో ఓటు జవాబు. వద్దన్నారు, అంతే, ఎవరింటికి వాళ్ళు వెళ్ళారు.

మన దేశంలో రాష్ట్రాలు కలిసి డబ్బు పెట్టిన పెద్ద పని ఢిల్లీ–మీరట్ వేగరైలు. 82 కిలోమీటర్లు, 30 వేల కోట్ల పైన ఖర్చు. అక్కడ జరిగింది వేరు. ఢిల్లీ ప్రభుత్వం తన వాటా 415 కోట్లు ఇవ్వకపోతే, 2023లో సుప్రీంకోర్టు ప్రకటనల ఖర్చు లెక్కలు తెప్పించుకుని, ప్రకటనల బడ్జెట్ నుంచి ఆ డబ్బు మళ్ళించాల్సి వస్తుందని గట్టిగా చెప్పాక కదిలింది. జడ్జిగారు అడిగారు కాబట్టి బయటికొచ్చింది. ఘజియాబాద్‌లో రోజూ ఆ రైలెక్కేవాళ్ళు అడిగి ఉంటే ఎవరు వినేవారు?

ఒక్క సరిహద్దు దగ్గరే కాదు, ఊరి లోపలా ఇదే తీరు. హైదరాబాద్ లోకల్ రైళ్ళు ఎంఎంటీఎస్ రెండో దశకు రాష్ట్రం రెండు వంతులు, రైల్వే ఒక వంతు పెట్టుకోవాలని ఒప్పందం. ఎవరు ఎంత ఇచ్చారన్న వాదులాట ఏళ్ళ తరబడి పేపర్లలోనే చదివాం. ఆర్టీసీ సిటీ బస్సుల నష్టాన్ని జీహెచ్ఎంసీ భరించాలన్నారు. రెండేళ్ళలో మూడు వందల కోట్ల పైచిలుకు ఇచ్చింది, తర్వాత ఆగింది. ఇచ్చినప్పుడూ ఇంటిపన్ను కట్టేవాణ్ణి అడగలేదు, ఆపినప్పుడూ అడగలేదు. మెట్రో రెండో దశకు 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు అని ప్రతిపాదన వెళ్ళింది. రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18 శాతం, మిగతాది చాలామటుకు అప్పు. ఆ అప్పు నా మనవడు తీరుస్తాడు. పది లక్షలు దాటిన మహానగరానికి ప్రణాళికా కమిటీ ఉండాలని, దాని సభ్యుల్లో మూడింట రెండు వంతుల మందిని ఎన్నికైన స్థానిక ప్రతినిధులే ఎన్నుకోవాలని రాజ్యాంగం 243జెడ్ఈ అధికరణంలో 1993 నుంచీ ఉంది. ఏ కార్పొరేటర్ ప్రచారంలోనైనా దాని పేరు విన్నారా? మెట్రో ఛార్జీల కమిటీ 2022లో సూచనలు పంపమని ప్రయాణికులకు పిలుపిచ్చింది, ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే. మెయిల్ పంపడం వేరు, ఎదురుగా నిలబడి మైకులో అడగడం వేరు.

మా మిత్రుడు, కర్నూలాయన, దీని మీద ఒక మంచి అభ్యంతరం చెప్పాడు. విచారణ పెడితే వచ్చేది ఎవరు? రిటైరైనవాళ్ళు, నీలాంటి కాగితాల పురుగులు, కారున్న కాలనీ సంఘాలు. అడ్డా మీద కూలీ రాడు, రాత్రి డ్యూటీ నర్సు రాదు. అప్పుడు మీ గొంతే 'ప్రజాభిప్రాయం' అయిపోతుంది. ఈ మాట నన్ను రెండు రోజులు తినేసింది. నిజమే. టోల్ తగ్గించమనే గొంతు ఎప్పుడూ పల్లెవెలుగు పెంచమనే గొంతు కంటే గట్టిగా వినబడుతుంది, ఎందుకంటే ఫాస్టాగ్ ఉన్నవాడికి ఫేస్‌బుక్ కూడా ఉంటుంది. నాకు తోచిన జవాబు ఒక్కటే. మనుషుల్ని గది దగ్గరికి పిలవడం కాదు, గదినే మనుషుల దగ్గరికి తీసుకెళ్ళాలి. ఎల్బీ నగర్‌లో సాయంత్రం ఏడింటికి. కోదాడలో సంత రోజున. జగ్గయ్యపేట బస్టాండు ఆవరణలో షామియానా వేసి. కండక్టర్ టికెట్‌తో పాటు ఒక చీటీ ఇస్తే చాలు, ఫలానా రోజు, ఫలానా చోట అని. కండక్టర్లను, డ్రైవర్లను కూడా మాట్లాడనివ్వాలి, ఏ బస్సు నిండుతుందో వాళ్ళకంటే ఎవరికి తెలుసు?

నేనడిగేది కొత్త సంస్థ కాదు. కొత్త సంస్థ అంటే కొత్త ఛైర్మన్, కొత్త కారు. హైదరాబాద్–విజయవాడ దారి ఒక్కదాంతో మొదలుపెట్టండి. ఏటా దసరాకు రెండు నెలల ముందు, రెండు రవాణా శాఖలూ, రెండు ఆర్టీసీలూ, టోల్ తీసుకునే రహదారుల సంస్థా ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకసారి ఈ గట్టున, ఒకసారి ఆ గట్టున విచారణ పెట్టాలి. ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఆదాయం, ఎంత టోల్ అన్న లెక్క ముందే తెలుగులో అచ్చేసి బస్టాండుల్లో అంటించాలి. అడిగినదానికి కాదంటే ఎందుకు కాదో రాయాలి. సెక్షన్ 88 ఎలాగూ ఉంది కదా, దానికి కాస్త ప్రాణం పోస్తే చాలు. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుంటే, సరిహద్దు దాటే ఆడవాళ్ళ టికెట్ గొడవ ఆ బల్ల మీదే తేలిపోతుంది. కోదాడ ఆధార్‌కు పాలేరు అవతల ఎంత, జగ్గయ్యపేట ఆధార్‌కు ఇవతల ఎంత అని ఏడాది చివర రెండు ఖజానాలూ చెల్లుకు చెల్లు రాసుకోవచ్చు. బ్యాంకులు రోజూ చేసే పనే అది. ఇటువాళ్ళు అటు ఎంతమంది పోతారో, అటువాళ్ళు ఇటు ఎంతమంది వస్తారో మిషన్‌లో ఎలాగూ నమోదవుతోంది. నాకు ఒక్క నెల డేటా ఇస్తే ఆ లెక్క నేనే వేసి పెడతాను, జీతం కూడా వద్దు.

ఇదంతా కాగితం మీద పెట్టి, కనుమ నాడు అమ్మకు చదివి వినిపించాను. గారెలు తీస్తూ సగం విన్నది, సగం వినలేదు. సెక్షన్ల దగ్గర ఆవులించింది. అమెరికా స్టేషన్ కథ మాత్రం శ్రద్ధగా విని, "పక్క రాష్ట్రం స్టేషన్‌కి వీళ్ళెందుకిచ్చార్రా?" అని అడిగింది.

"వాళ్ళూ ఎక్కేవాళ్ళే గదమ్మా."

కాసేపు బాండీలోకి చూసింది. ఇంతకీ అలాంటి మీటింగు నిజంగా పెడితే, మైకు నీ చేతికిస్తే ఏమడుగుతావమ్మా అన్నాను. ఉచితం సంగతి ఎత్తుతుందనుకున్నాను.

"ఆ ఏడింటి బస్సు మళ్ళీ ఎయ్యమంటా," అంది. "టికెట్ తీసుకుంటానని గూడా చెప్పు."